ఉండి ఉండి తడబడు పికప్పు బండి - కారణము కనుగొను విధము



ఒకప్పుడు ఎడ్లబండి చేసిన పనిని నేడు మన పల్లెలలో పికప్పు బండి చేయుచున్నది. మామిడి, టమాటా, పాలక్యానులు, ఎరువు బస్తాలు, పెండ్లి సామాను, అన్నియు దానిమీదనే పోవుచున్నవి. ఎద్దు కుంటినచో ఏ కాలు కుంటుచున్నదో, గిట్టలో ముల్లున్నదో, కీలు వాచినదో చూచుట మనకు తాతల నాటి నుండి తెలిసిన పని. బండి కుంటినచో మాత్రము తాళపు చెవి మెకానిక్కు చేతిలో పెట్టి, బిల్లు ఎంత వచ్చునో యని అరుగుమీద కూర్చుండుచున్నాము.

ఈ వ్యాసములో ఒక్క జబ్బును గూర్చి మాత్రమే వ్రాయుచున్నాను. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కినను ఇంజను అందుకొనక ఒక క్షణము వెనుకాడును. ఎవరో వెనుక నుండి పట్టి లాగినట్లు బండి కుదుపులిచ్చును. కొంతసేపటికి తనంతట తానే సర్దుకొని ఏమియు జరుగనట్లు పోవును. మెకానిక్కులు దీనిని మిస్సింగు అనియు, జర్కు కొట్టుచున్నదనియు అందురు. మన రైతులు బండి గుంజుట లేదందురు.

పూర్తిగా ఆగిపోయిన ఇంజనును బాగుచేయుట ఇంతకంటె సులువు. చెడినది చెడినట్లే ఉండును గనుక వెదకినచో దొరకును. ఉండి ఉండి తడబడు బండి అట్లు కాదు. షెడ్డుకు తీసికొని పోయిన నాడు అది బుద్ధిమంతురాలు. ఖాళీ బండిని మెకానిక్కు బజారులో రెండు చుట్లు తిప్పి "బాగానే ఉన్నది కదా" అనును. లేదా ఏదో ఒక భాగమును మార్చి పంపును. వారము తరువాత మరల అదే కథ. అనుమానము మీద భాగములు మార్చుచు పోయినచో ఏ భాగము వలన జబ్బు కుదిరినదో, అసలు కుదిరినదో లేదో కూడ తెలియదు. డబ్బు పోయిన సంగతి మాత్రము తెలియును.

మధ్యాహ్నము వాడి సాయంత్రమునకు తేరుకొను మిరప మొక్కను చూచినచో మీరేమందురు? నీటి ఎద్దడి యందురు. ఉదయపు చల్లని వేళ కూడ తల వాల్చియున్నచో పీకి వేరు చూతురు. మొక్కను పీకక ముందే, అది ఏ వేళ వాడినది, ఏ వేళ తేరుకొన్నది అను సంగతి సగము రోగమును చెప్పివేసినది. ఇంజను విషయమును ఇట్టిదే. పానా చేత పట్టుటకు ముందు ఈ తడబాటు ఎప్పుడు వచ్చుచున్నది, ఎప్పుడు పోవుచున్నది అనునది తెలిసికొనవలెను. ఆ సంగతి మెకానిక్కుకు తెలియదు. బండి నడుపువారికే తెలియును.

ఒక రైతు బండి కథ

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం ప్రాంతమున మామిడి తోటలో పండు ఈగకు కట్టిన ఎరబుట్టలు చూడబోయినప్పుడు ఒక రైతు నాతో తన బండి గోడు చెప్పుకొనినాడు. అతడు సాయంత్రము బేనిషా కాయ నింపుకొని, మొగిలి ఘాటు ఎక్కి, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా తెల్లవారుజామునకు బెంగుళూరు చేరుచుండును. ఆలస్యమైనచో మంచి ధర పలుకు వేళ దాటిపోవును.

"సార్, కింద రోడ్డు మీద గుర్రం మాదిరి పోతాది. ఘాటు సగం ఎక్కినాక ఊపిరాడనట్ల అయిపోతాది. పక్కన పెట్టి ఐదు నిమిషాలు నిలబడితే మళ్లీ ఏం ఎరగనట్ల ఎక్కేస్తాది" అని అతని మాట. అప్పటికే డీజిలు ఫిల్టరు రెండు మారులు మార్చినారు. ఇంజెక్టర్లు ఊడదీసి శుభ్రము చేయించినారు. చివరకు పెద్ద పంపు పోయినదనియు, క్రొత్తదానికి 45,000 రూపాయలగుననియు షెడ్డువారు చెప్పినారు. కాయ అమ్మిన డబ్బు చేతికి రాగానే పంపు మార్పించవలెనని అతని తలంపు.

డబ్బు మాట అటుంచుడు. రాత్రివేళ ఘాటు రోడ్డులో బండి వేగము ఒక్కసారిగా పడిపోయినచో వెనుక వచ్చు లారీవానికి దానిని తప్పించుటకు వ్యవధి యుండదు. మొగిలి ఘాటులోనే 2024 సెప్టెంబరులో బస్సు, లారీలు ఢీకొని పలువురు ప్రాణములు కోల్పోయిరి. దాని కారణము వేరు. అయినను ఆ రోడ్డులో తప్పునకు చోటు తక్కువయని చెప్పుటకే వ్రాసితిని. తడబాటు మొదలుకాగానే నాలుగు మూలల దీపములు వేసి, ఎడమ అంచునకు తీసి, సాధ్యమైనంత వరకు మలుపు లేని చోట ఆపి, ఎర్ర త్రికోణపు హెచ్చరిక గుర్తును 50 మీటర్ల వెనుక పెట్టుడు. రాయి పెట్టి, బండి కదలిన పిమ్మట ఆ రాయిని రోడ్డులోనే వదలిపోవు అలవాటు మాత్రము మంచిది కాదు.

నేను మెకానిక్కును కాను. కావున పంపు మంచిదో చెడ్డదో చెప్పలేదు. "మరి వారము రోజులు ఆగి, ఒక చిన్న పుస్తకములో బండి నడకను వ్రాసిపెట్టుము" అని మాత్రము చెప్పితిని.

ఏమి వ్రాయవలెను?

తడబడిన ప్రతిసారియు కొన్ని సంగతులు చూడవలెను. బయలుదేరిన ఎంతసేపటికి వచ్చినది? బండిపై బరువు ఎంత? మిట్టయా, చదునా? తొట్టిలో డీజిలు ఎంత వరకున్నది? ఎండయా, వానయా? అప్పుడు పొగ ఏ రంగున వచ్చినది, లేక అసలు రాలేదా? ఇంజను చుట్లు చూపు ముల్లు పడిపోయినదా, పెరిగినదా? పసుపు రంగు ఇంజను దీపము వెలిగినదా? ఆపిన పిమ్మట ఎంతసేపటికి తేరుకొన్నది? నడుపుచున్నవారు రోడ్డు మీది దృష్టి మరల్చరాదు గనుక ప్రక్కనున్నవారు గాని, ఆపిన తరువాత డ్రైవరు గాని వ్రాయవచ్చును.

తడబడని ప్రయాణములను కూడ వ్రాయవలెను. దీనిని చాలమంది మరచెదరు. ఒక బండి పది మారులు ఖాళీగా అదే ఘాటు ఎక్కి ఒక్కసారియు తడబడలేదన్న సంగతికి, బరువుతో తడబడినదన్న సంగతికి ఉన్నంత విలువయు ఉన్నది.

ఆ రైతు పుస్తకములో తేలినది ఇది. బరువు లేనినాడు ఒక్కసారియు తడబాటు లేదు. బరువున్నను చదును రోడ్డున లేదు. ఘాటులో యాక్సిలరేటరు అదిమిపట్టి పది, పదిహేను నిమిషములు ఎక్కిన పిమ్మటనే వచ్చినది. ఎండలోను, రాత్రి చల్లనివేళను ఒకటే తీరు. తొట్టి నిండుగా ఉన్నను, సగమున్నను భేదము లేదు. పొగ రాలేదు. ఆపి ఐదు నిమిషములు ఉంచినచో ప్రతిసారియు తేరుకొన్నది.

డీజిలు నడచు దారి

ఈ వ్రాతకు అర్థము తెలియవలెనన్నచో డీజిలు నడచు దారి తెలియవలెను. తొట్టి అడుగున ఒక పీల్చుగొట్టము, దాని మూతికి చాల బండ్లలో ఒక జల్లెడ ఉండును. అచట నుండి గొట్టము ద్వారా ఫిల్టరునకు వచ్చును. ఫిల్టరు దుమ్మును పట్టును, నీటిని వేరుచేయును. తరువాత పంపు. నేటి బండ్లలో ఈ పంపు డీజిలును మిక్కిలి ఒత్తిడితో ఒక ఉమ్మడి గొట్టములోనికి నెట్టును. దీనినే కామన్ రైలు అందురు. దాని నుండి ఇంజెక్టర్లు డీజిలును సిలిండర్లలోనికి చిమ్మును. మిగిలినది తిరుగు గొట్టము ద్వారా తొట్టిలోనికి వచ్చి చేరును.

మీలో బిందు సేద్యము చేయువారికి ఒక్క మాటలో బోధపడును. ఫిల్టరు సగము మూసుకొనియున్నను, ఒక్క వాల్వు తెరచినచో మొక్కలన్నిటికి నీరు బాగుగనే అందును. నాలుగు వాల్వులు ఒక్కసారి తెరచినప్పుడు గదా చివరి వరుసలు ఎండుట తెలియునది! ఇంజనుకును అంతే. పికప్పు డీజిలు ఇంజను బరువు లేక ఊరక తిరుగునప్పుడు గంటకు ఒక లీటరు లోపే త్రాగును. నిండు బరువుతో మిట్ట ఎక్కునప్పుడు గంటకు 10 లీటర్లకు మించి కావలెను. దారిలో అడ్డమున్న బండి బజారులో గుర్రము, ఘాటులో గాడిద అగుట ఇందుచేతనే. షెడ్డులో నిలబెట్టి ఎంత రేజు చేసినను ఈ లోపము బయటపడదు. బరువు లేనిదే ఇంజను అంత డీజిలును అడుగదు.

పొగ లేకపోవుట మరియొక సాక్ష్యము. గాలి చాలనప్పుడు డీజిలు సరిగా కాలక నల్లని పొగ వచ్చును. డీజిలే చాలనప్పుడు పొగ రాదు, శక్తి మాత్రము తగ్గును. ఆ రైతు బండికి డీజిలు చాలుట లేదని ఇంతవరకు పుస్తకమే చెప్పినది. ఎచట అడ్డుపడినది? పంపు అరిగిపోయినదనుకొందము. అరిగిన పంపు ఐదు నిమిషములు నిలిచినంతలో మంచిది కాదు. వేడికి బలహీనపడు పంపు చల్లారినచో కొంత తేరుకొనవచ్చును. కాని ఇంజను వేడి ఐదు నిమిషములలో పోవునది కాదు, రాత్రి చల్లదనమునకును తేడా కనబడలేదు. ఫిల్టరు క్రొత్తది. ఇంజను ఆపగానే తొలగిపోయి, పీల్చునప్పుడు మరల వచ్చి అతుకుకొను అడ్డేదో ఫిల్టరునకు ముందు, తొట్టి వైపున ఉండి తీరవలెను.

తొట్టి మూతను కూడ చూడవలెను. డీజిలు తగ్గిన కొలది తొట్టిలోనికి గాలి చేరుటకు ఒక దారి యుండును. కొన్ని బండ్లలో అది మూతలోనే యుండును. మట్టితో అది పూడినను, మూత పోయినదని ఏదో ఒక మూత తెచ్చి బిగించినను, తొట్టిలో శూన్యమేర్పడి డీజిలు రాక నిలిచిపోవును. తడబడినప్పుడు ఆపి మూత తిప్పినచో బుస్సుమని గాలి లోనికి పోవు చప్పుడు వినబడును, బండి వెంటనే తేరుకొనును. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష. ఆ రైతు బండికి చేసి చూచితిమి. చప్పుడు లేదు.

తక్కిన కారణములు ఎట్లు కనబడును?

మీ బండి పుస్తకము వేరుగా ఉండవచ్చును. నల్లని పొగ వచ్చుచు గుంజనిచో గాలి దారిని చూడవలెను. నూర్పిళ్ల కాలమున గాలి ఫిల్టరు పది రోజులలోనే దుమ్ముతో నిండును. టర్బో నుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టము పగిలినచో, బరువు పడినప్పుడు మాత్రమే పగులు విచ్చుకొని ఈల వంటి చప్పుడు వచ్చును, ఆ చోట నూనె తడి కనబడును. బండి నిలిపినప్పుడు పగులు మూసుకొనియుండును గనుక చేతితో గొట్టమును వంచి చూడవలెను. పొగను తిరిగి ఇంజనులోనికి పంపు ఇ.జి.ఆర్. వాల్వు మసి పట్టి సగము తెరచుకొని నిలిచినను ఇట్టి పొగయే వచ్చును.

వాన పడిన నాడో, గుంతలో పడినప్పుడో ఒక్క క్షణము కరెంటు తీసినట్లు ఆగి మరల అందుకొన్నచో వైర్లను అనుమానించుడు. బ్యాటరీ నుండి ఛాసిసునకు వచ్చు భూమి వైరు వదులుగా నున్నదేమో, తుప్పు పట్టినదేమో చూడుడు. కల్లమునొద్దను, గోదాము ప్రక్కను నిలుపు బండ్లకు ఎలుకల బాధ ఎక్కువ. గింజలకై వచ్చిన ఎలుక వెచ్చగా ఉన్నదని ఇంజనుపై చేరి వైర్ల తొడుగు కొరుకును. ఇంజను ఊరక తిరుగుచుండగా, తిరుగు బెల్టులకు దూరముగా ఉన్న వైర్ల కట్టను మెల్లగా కదపి చూచినచో, ఏ చోట కదపినప్పుడు ఇంజను అదరునో అచట లోపమున్నది. యాక్సిలరేటరును ఒకే చోట, అనగా సగము తొక్కిన చోటనే ఎల్లప్పుడు తడబడినచో పెడలునొద్దనున్న సెన్సారును చూపించవలెను. బాగుగ వేడెక్కినప్పుడు చుట్ల ముల్లు ఒక్కసారిగా సున్నకు పడి ఇంజను ఆగిపోయి, అరగంట చల్లారిన పిమ్మట మరల స్టార్టగుచున్నచో క్రాంకు సెన్సారు వేడికి పనిచేయుట మానుచున్నదని అనుమానింపవచ్చును.

చుట్ల ముల్లు పైకి పోవుచున్నది, బండి మాత్రము ముందుకు పోదు. ఇది ఇంజను లోపమే కాదు, క్లచ్చి జారుచున్నది. ఇంజను బాగున్నను బ్రేకు పట్టుకొని వదలనిచో బండి బరువుగా లాగినట్లుండును. ఆపి ప్రతి చక్రమునొద్ద చేయి ఆనించక దగ్గరగా పెట్టి చూచినచో ఏది ఎక్కువ వేడిగా ఉన్నదో తెలియును. పెట్రోలు, సి.ఎన్.జి. చిన్నబండ్లలో స్పార్కు ప్లగ్గులు, కాయిళ్లు మొదట చూడవలెను. తేమ పట్టినప్పుడు వాటి జబ్బు ఎక్కువగును.

పసుపు దీపము, స్కానరు

2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున అమ్ముచున్న బి.ఎస్.-6 బండ్లలో ఇంజను నడకను ఒక కంప్యూటరు కనిపెట్టుచుండును. లోపము కనబడినచో పసుపు దీపము వెలిగించి, ఒక గుర్తు సంఖ్యను దాచిపెట్టును. డ్యాషు బోర్డు క్రింద 16 పిన్నుల సాకెట్టు కలదు. దానికి స్కానరు తగిలించి ఆ సంఖ్యను చదువుదురు. దీపము ఆరిపోయినను సంఖ్య కొంతకాలము నిలిచియుండును. బ్యాటరీ వైరు ఊడదీసినచో అనేక బండ్లలో ఆ సాక్ష్యము చెరిగిపోవును. కావున స్కానరు పెట్టక ముందు ఆ పని చేయవలదు.

అయితే సంఖ్యను చదువుట వేరు, అర్థము చేసికొనుట వేరు. మన రైతు బండిలో పి-0087 అను సంఖ్య కనబడినది. ఉమ్మడి గొట్టములో డీజిలు ఒత్తిడి ఉండవలసిన దానికంటె తక్కువగా నున్నదని దాని అర్థము. పంపు చెడినదని కాదు. పొలములో చివరి మొక్కకు నీరు అందుట లేదని చెప్పినంత మాత్రమున మోటారు కాలిపోయినదనుకొందుమా? బావిలో ఫుట్ వాల్వు మూసుకొనియుండవచ్చును. షెడ్డువారు ఆ సంఖ్యను చూచి పంపు మార్చవలెనన్నారు. వారు మోసము చేసినారని నేననను. బరువుతో ఘాటు ఎక్కి చూడలేదు, అంతే.

మీరు చేయకూడని పని

పాత ఇంజన్లలో గాలి తీయుటకు ఇంజెక్టరు గొట్టపు నట్టును వదులు చేసి, ఇంజను తిప్పుట మనకు అలవాటు. నీళ్ల ఇంజన్లపై అందరును చేసిన పనియే. కామన్ రైలు బండిలో దీనిని ఎంత మాత్రము చేయరాదు. బండి చక్రములో గాలి ఒత్తిడి 4 బార్ల ప్రాంతమున ఉండును. ఈ గొట్టములో 1,000 బార్లకు మించి ఉండును. సూదిమొన వంటి ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి చిన్న చుక్కవలె కనబడి నొప్పియు మొదట తెలియకపోవచ్చును. లోపల మాంసము చచ్చి, వ్రేలో చేయో తీసివేయవలసి రావచ్చును. అట్టిది జరిగినచో పసుపు అద్ది ఊరకుండక, వెంటనే పెద్దాసుపత్రికి పోయి, డీజిలు ఒత్తిడితో లోనికి పోయినదని వైద్యునికి స్పష్టముగా చెప్పవలెను. డీజిలు కారుచున్నదా యని చేతితో తడిమి చూడవలదు. అట్టముక్క పెట్టి చూడవచ్చును.

కారణము దొరకిన తీరు

పుస్తకమును తీసికొని పలమనేరులోని మరియొక మెకానిక్కునొద్దకు పోయితిమి. అతడు పెద్దవాడు, మాట తక్కువ. రెండు పుటలు చదివి, "తొట్టిని ప్రక్కకు పెట్టి చూతము" అన్నాడు. ఐదు లీటర్ల శుభ్రమైన క్యానులో డీజిలు పోసి, సామాను వేయు చోట సైలెన్సరుకు దూరముగా కదలకుండ కట్టినాడు. తొట్టి నుండి ఫిల్టరునకు పోవు గొట్టమును విప్పి ఈ క్యానునకు కలిపినాడు. తిరుగు గొట్టమును కూడ క్యానులోనే పెట్టినాడు. లేనిచో మిగిలిన డీజిలు తొట్టిలోనికి పోయి, క్యాను త్వరగా ఖాళీ యగును. ఇది డీజిలు బండికి, తెలిసిన మెకానిక్కు మాత్రమే చేయవలసిన పని. పెట్రోలు బండికి ఎన్నడును చేయరాదు.

ఇటుకలు నింపి ఘాటు క్రిందికి దిగి మరల ఎక్కించినాము. బండి ఒక్కసారియు వెనుకాడలేదు. తొట్టికి మరల కలిపి ఎక్కించగా, ఎప్పటి చోటనే ఆగినది. పంపు మంచిదని తేలుటకు ఒక పూట పట్టినది.

తొట్టి దింపి చూడగా అడుగున అరచేతి వెడల్పు పాలితీను ముక్క దొరకినది. రైతు చూచి నవ్వలేక ఏడ్వలేక నిలబడినాడు. ట్రాక్టరు కొరకు తెచ్చుకొను డీజిలు క్యానుకు మూత వదులైనదని, కారకుండ మూత క్రింద కవరు ముక్క పెట్టి బిగించుట ఆ ఇంట అలవాటు. బండికి డీజిలు చాలనప్పుడు అదే క్యాను నుండి పోయుదురు. ఎప్పుడో ఆ ముక్క జారి తొట్టిలో పడినది. పాలితీను నీటిలో తేలును గాని డీజిలులో మునుగును. అడుగున పీల్చుగొట్టమునొద్ద తిరుగుచు, పీలుపు ఎక్కువైనప్పుడు జల్లెడకు అతుకుకొని, ఇంజను ఆపగానే వీడిపోవుచుండెను.

ఆ ముక్క ఒక అంచున చిరిగియుండెను. ఎవరును గమనింపలేదు. ఇరువది రోజుల తరువాత తడబాటు మరల వచ్చినది. ఈసారి తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి, శుభ్రమైన డీజిలుతో రెండు మారులు కడిగి, జల్లెడను విడదీయగా దాని వెనుక మిగిలిన ముక్క కనబడినది. వస్తువు దొరకినప్పుడు అది పూర్తిగా దొరకినదా యని చూచుకొనవలెనని ఆనాడు నాకును తెలిసినది.

డీజిలు నిలువ విషయము

డీజిలు తెచ్చి నిలువ చేయు రైతులు క్యాను మూతకు రబ్బరు వాచరు వేయించుకొనవలెను. కవరు, గుడ్డ, బెండు పెట్టరాదు. పురుగుమందు వచ్చిన క్యానులను డీజిలుకు గాని మరి దేనికి గాని వాడరాదు. జింకు పూత గల డబ్బాలలో డీజిలు ఉంచినచో ఆ లోహము డీజిలుతో కలిసి జిగటను పుట్టించును, కావున అవియు పనికిరావు. పీపాను నీడలో, పొయ్యికి దూరముగా, కొంచెము వాలుగా ఉంచినచో నీరును మడ్డియు ఒక మూలకు చేరును. కదలించిన పిమ్మట ఒక దినము తేరనిచ్చి పైభాగము నుండి తీయవలెను, అడుగున నాలుగు వ్రేళ్ల మేర మిగిల్చివేయవలెను. బండిలో పోయునప్పుడు సన్నని జల్లెడ గల గరాటు తప్పక వాడవలెను.

నెలల తరబడి నిలువయున్న డీజిలులో నీరు చేరినచో, ఆ రెండును కలియు చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిడ్డు పుట్టును. ఫిల్టరులో అట్టి జిడ్డు కనబడినచో ఫిల్టరు మార్చిన చాలదు, తొట్టియు, పీపాయు కడుగవలెను. ఫిల్టరు అడుగున నీరు వదలుటకు ఒక మర యుండును. బండితో వచ్చిన పుస్తకములో దాని చోటు చూపబడియుండును. వానాకాలమున పదిహేను దినములకు ఒకమారు, ఇంజను ఆపి, దాని క్రింద గాజుగ్లాసు పట్టి మర వదులు చేయుడు. నీరు అడుగున, డీజిలు పైన వేరు వేరుగా కనబడును. నీరు పోయి డీజిలు మాత్రమే వచ్చునంత వరకు ఉంచి మర బిగించుడు. ఆ గ్లాసును మరల వంటయింటిలోనికి పోనీయవలదు.